ప్రొఫెసర్ అయ్యారు సరే, పాఠం ఎవరు చెబుతున్నారు?

జిల్లా ఎడిషన్ లోపలి పేజీల్లో యూనివర్సిటీ వార్తలకు ఎప్పుడూ ఓ మూల ఉంటుంది. జర్నలిజం విభాగాధిపతిగా ఫలానా వారి బాధ్యతల స్వీకారం, ఫలానా వారికి ప్రొఫెసర్‌గా పదోన్నతి, ఫలానా వారికి డాక్టరేట్, ఫలానా ఆచార్యుల ఉద్యోగ విరమణ, ఘన సన్మానం. శాలువా, పూలగుత్తి, వైస్ చాన్సలర్ పక్కన నిలబడి ఓ ఫొటో. విభాగంలో ఉన్నవాళ్లు, పాత విద్యార్థులు, బంధువులు చూసుకుంటారు. మిగతా వాళ్లు పేజీ తిప్పేస్తారు.

అలా తిప్పేయాల్సిన వార్తలు కావవి. చదవడం తెలిస్తే ఒక విభాగం నిలదొక్కుకుంటోందా, కుంగిపోతోందా అన్న సంగతి ఆ నాలుగు లైన్లలోనే చాలావరకు తెలిసిపోతుంది. జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ విభాగాల విషయంలో ఇది మరీ నిజం. ఇవి చిన్న విభాగాలు. కెమిస్ట్రీలో ఒకరు రిటైరైతే మిగతావాళ్లు సర్దుకుని ఆ పాఠాలు చెప్పేస్తారు. మీడియా విభాగంలో టీవీ ప్రొడక్షన్ చెప్పే ఒక్కరూ వెళ్లిపోతే మీడియా చట్టాలు చెప్పేవారు వచ్చి ఎడిటింగ్ నేర్పలేరు. అందుకే ఇక్కడ మనుషుల రాకపోకలే అసలు వార్త.

ముందు మెట్ల సంగతి చూద్దాం. యూనివర్సిటీలో బోధనా ఉద్యోగానికి ప్రధానంగా మూడు మెట్లు: అసిస్టెంట్ ప్రొఫెసర్, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్. ఆ పైన కొద్దిమందికి దక్కే సీనియర్ ప్రొఫెసర్ హోదా విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనలతో వచ్చింది. ఏడో వేతన సవరణ ప్రకారం మూల వేతనం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు రూ.57,700తో, అసోసియేట్‌కు రూ.1,31,400తో, ప్రొఫెసర్‌కు రూ.1,44,200తో మొదలవుతుంది. మొదటి మెట్టుకు, రెండో మెట్టుకు మధ్య ఎంత ఎత్తుందో చూశారుగా! పదోన్నతి ఫైలు కోసం అధ్యాపకులు అన్నేళ్లు ఎందుకు తిరుగుతారో ఈ అంకెలే చెబుతాయి.

అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే పీజీలో 55 శాతం మార్కులు, జాతీయ అర్హత పరీక్ష నెట్ గానీ రాష్ట్రాలు పెట్టే సెట్ గానీ ఉండాలి. యూనివర్సిటీల్లో ఈ ఉద్యోగానికి పీహెచ్‌డీ తప్పనిసరి అని 2018 నిబంధనల్లో పెట్టి, 2021 జూలై నుంచి అమలు చేస్తామన్నారు. దాన్ని 2023 జూలైకి వాయిదా వేశారు. ఆ గడువు వచ్చేసరికి షరతునే ఎత్తేశారు. కాబట్టి కొత్తగా చేరిన వారి పేరు ముందు 'డాక్టర్' లేకపోతే అర్హత తక్కువని అనుకోనక్కర్లేదు.

ఇక అసలు చిక్కు పదోన్నతి వార్తలో ఉంది. 'జర్నలిజం విభాగంలో ముగ్గురికి ప్రొఫెసర్లుగా పదోన్నతి' అని చదవగానే, విభాగానికి ముగ్గురు ప్రొఫెసర్లు అదనంగా వచ్చారని అనిపిస్తుంది. అదనంగా వచ్చినవాళ్లు ఒక్కరూ ఉండరు. నిన్న పాఠం చెప్పిన ఆ ముగ్గురే రేపూ చెబుతారు. వాళ్ల హోదా, జీతం మారాయి. దీన్ని కెరీర్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్ అంటారు, క్యాంపస్‌లో అందరి నోటా 'క్యాస్' అనే వినిపిస్తుంది. పీహెచ్‌డీ ఉన్న అసిస్టెంట్ ప్రొఫెసర్ నాలుగేళ్లకు ఒక దశ, మరో ఐదేళ్లకు ఇంకో దశ, ఆ తర్వాత మూడేళ్లకు అసోసియేట్, ఇంకో మూడేళ్లకు ప్రొఫెసర్ కావచ్చు. అన్నీ సవ్యంగా జరిగితే మొత్తం 15 ఏళ్లు. దారిలో పరిశోధనా వ్యాసాలు, శిక్షణ కోర్సులు, ఇంటర్వ్యూలు ఉంటాయి. సవ్యంగా జరగడమే అరుదు. ఎంపిక కమిటీలు ఏళ్ల తరబడి కూర్చోవు. కూర్చున్నాక అర్హత వచ్చిన పాత తేదీ నుంచే పదోన్నతి వర్తింపజేస్తారు. అందుకే ఇవాళ పేపర్లో వచ్చిన పదోన్నతి నాలుగైదేళ్ల కిందటి బాకీ అయి ఉండవచ్చు.

ఇంకో మాట. ఈ పదోన్నతి మనిషికి వచ్చింది గానీ పోస్టుకు రాలేదు. యూజీసీ నిబంధనల్లోనే స్పష్టంగా ఉంది: క్యాస్ కింద ప్రొఫెసర్ అయిన వ్యక్తి పదవీ విరమణ చేస్తే, ఆ పోస్టు మళ్లీ మొదటి మెట్టుకే దిగిపోతుంది. అంటే విభాగం బోర్డు మీద అయిదుగురు ప్రొఫెసర్ల పేర్లు మెరుస్తున్నా, మంజూరైన ప్రొఫెసర్ పోస్టు ఒక్కటే ఉండొచ్చు. అది ఖాళీగా కూడా ఉండొచ్చు. వార్తలో 'పదోన్నతి' అని ఉందా, 'నియామకం' అని ఉందా అన్నది అందుకే ముందు చూడాలి. మొదటిది ఒక వ్యక్తికి జరిగిన న్యాయం. విభాగం బలం పెరిగేది రెండోదానితోనే. పదేళ్లుగా పదోన్నతులు తప్ప నియామకం అన్న మాటే వినపడని విభాగం పైకి పెద్దదిగా కనిపిస్తూ లోపల చిన్నదవుతూ ఉంటుంది.

మన రెండు రాష్ట్రాల్లో జరుగుతున్నదీ అదే. తెలంగాణ వచ్చి దశాబ్దం దాటినా రాష్ట్ర యూనివర్సిటీల్లో పెద్ద ఎత్తున రెగ్యులర్ నియామకాలు జరగలేదు. అన్ని యూనివర్సిటీలకూ ఒకే నియామక బోర్డు పెడదామని 2022లో అసెంబ్లీ బిల్లు చేస్తే అది గవర్నర్ దగ్గర ఆగింది. తర్వాత 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం యూనివర్సిటీ అధ్యాపకుల పదవీ విరమణ వయసును 60 నుంచి 65కు పెంచింది. కేంద్ర యూనివర్సిటీల్లో 65 ఎప్పటినుంచో ఉంది. ఈ పెంపు వల్ల ఖాళీ అవ్వాల్సిన కుర్చీలు కొన్నాళ్లు ఖాళీ కాకుండా ఆగాయి, నిజమే. కానీ అప్పటికే ఖాళీగా ఉన్నవి నిండలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 చివర్లో పెద్ద సంఖ్యలో నోటిఫికేషన్లు వచ్చి, ఆ ప్రక్రియ మధ్యలోనే నిలిచిపోయింది. నెట్ పాసై ఎదురుచూస్తున్న మీడియా పట్టభద్రులకు ఈ కథ కంఠతా వచ్చు.

ఖాళీ కుర్చీ తెచ్చే నష్టం ఒక్క పాఠంతో ఆగదు. ఒక ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మంది పరిశోధక విద్యార్థులను పర్యవేక్షించవచ్చు. అసోసియేట్ ఆరుగురిని, అసిస్టెంట్ నలుగురిని. పర్యవేక్షకులు రెగ్యులర్ అధ్యాపకులే అయి ఉండాలి. కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకులకు ఆ హక్కు లేదు. పైగా 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం, పదవీ విరమణకు మూడేళ్ల లోపు ఉన్నవారు కొత్త విద్యార్థులను తీసుకోకూడదు. అంటే సన్మానం జరిగే రోజుకి మూడేళ్ల ముందే విభాగంలో పీహెచ్‌డీ సీట్లు తగ్గడం మొదలవుతుంది. పీహెచ్‌డీ ప్రవేశాల ప్రకటనలో ఈ ఏడాది జర్నలిజంలో సీట్లు లేవని కనిపిస్తే, ఎవరో రిటైర్ కాబోతున్నారనో, ఇప్పటికే రిటైరైన వారి స్థానంలో ఎవరూ రాలేదనో అర్థం చేసుకోవచ్చు. పరిశోధన ఆగితే వ్యాసాలు ఆగుతాయి, వ్యాసాలు ఆగితే విద్యాసంస్థల ప్రమాణాలు తేల్చే న్యాక్ ఇచ్చే గ్రేడు కిందికి వస్తుంది, గ్రేడు తగ్గాక నిధులు అడిగే మొహం ఉండదు.

మరి రోజువారీ పాఠాలు ఎవరు చెబుతున్నారు? రెగ్యులర్ కాని అధ్యాపకులు. వీరిలో పార్ట్‌టైం, కాంట్రాక్టు, గెస్టు అని రకాలున్నాయి. కాంట్రాక్టు వారికి నెల జీతం ఉంటుంది. గెస్టు వారికి గంటల లెక్క. ఒక్కో పాఠానికి రూ.1,500 దాకా, నెలకు మహా అయితే రూ.50,000 వరకు ఇవ్వాలని యూజీసీ 2019లో చెప్పింది. చాలా రాష్ట్ర యూనివర్సిటీల్లో ఆ అంకె కాగితం దాటి రాలేదు. సెలవుల్లో గెస్టు అధ్యాపకుడికి పైసా రాదు. ఎండాకాలం రెండు నెలలు ఆ ఇల్లు ఎలా గడుస్తుందో ఏ వార్తలోనూ రాదు. విభాగం గోడమీద ఫొటోల వరుసలో వాళ్ల ఫొటోలు సాధారణంగా ఉండవు. రిపోర్టింగ్ నుంచి పేజ్ మేకప్ దాకా సగానికి పైగా పేపర్లు వాళ్లే చెబుతున్న విభాగాలు మన దగ్గర ఉన్నాయి. పదేళ్లు పాఠం చెప్పి వెళ్లిపోయిన గెస్టు అధ్యాపకుడికి వీడ్కోలు సభ జరిగిందన్న వార్త ఎప్పుడైనా చదివారా? నా కంటికైతే కనపడలేదు.

ఒక విభాగం ఒకరిద్దరు మనుషుల మీద ఎంతగా ఆధారపడి బతుకుతుందో మన దేశంలో జర్నలిజం చదువు తొలినాళ్లలోనే కనిపిస్తుంది. 1941లో లాహోర్‌లోని పంజాబ్ యూనివర్సిటీలో ఈ విభాగాన్ని మొదలుపెట్టినవారు పృథ్వీపాల్ సింగ్. అమెరికాలో మిస్సోరీలో చదువుకొచ్చిన మనిషి. దేశ విభజన జరిగాక లాహోర్ అవతలికి పోయింది. విభాగం ఢిల్లీకి తరలింది, 1962లో చండీగఢ్ చేరింది. భవనం పోయింది, ఊరు పోయింది. మనుషులు మిగిలారు కాబట్టి విభాగం మిగిలింది.

తెలుగు నేల మీద తొలి విభాగం 1954లో ఉస్మానియాలో వచ్చింది. మొదటి అధిపతి అమెరికాలోని బట్లర్ యూనివర్సిటీ నుంచి వచ్చిన డి ఫారెస్ట్ ఓడెల్. అప్పటికి మన దగ్గర జర్నలిజం 'నేర్పేది' కాదు, డెస్కులో కూర్చుని తిట్లు తింటూ 'వచ్చేది'. యూనివర్సిటీలో నేర్పించాలన్న ఆలోచనతో పాటు నేర్పేవాడినీ బయటినుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది. తర్వాత ఆ విభాగంలో పనిచేసిన ఎస్. బషీరుద్దీన్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 1988లో సరోజినీ నాయుడు పేరిట ఏర్పడ్డ స్కూల్లో కమ్యూనికేషన్ బోధన సాగింది. అక్కడ పాఠాలు చెప్పిన బి.పి. సంజయ్ తమిళనాడు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్సలర్‌గా వెళ్లారు. అదే విభాగంలో వినోద్ పావరాల కమ్యూనిటీ రేడియో మీద చేసిన కృషితో 2011లో యునెస్కో పీఠం హైదరాబాద్‌కు వచ్చింది. ఒక అధ్యాపకుడు ఎంచుకున్న విషయం ఒక విభాగానికి దేశంలో పేరు తెచ్చే స్థాయికి వెళ్లగలదు.

ఇలా వేరే పదవులకు వెళ్లేవారి వార్తల్లో డెప్యుటేషన్ (తాత్కాలికంగా వేరే సంస్థలో పనిచేయడం), లీన్ అనే మాటలు కనపడతాయి. వేరే సంస్థలో పదవికి వెళ్లిన అధ్యాపకుడు తన పాత పోస్టు మీద హక్కు నిలుపుకోవడమే లీన్. ఆయన తిరిగొచ్చేదాకా ఆ పోస్టును శాశ్వతంగా నింపలేరు. మనవాడు వైస్ చాన్సలర్ అయ్యాడని విభాగం మిఠాయిలు పంచుకుంటుంది. మర్నాటి నుంచి ఆయన క్లాసు మళ్లీ గెస్టు అధ్యాపకుడికే.

విభాగాధిపతి మార్పు వార్తకు అంత బరువు ఇవ్వనక్కర్లేదు. ఆ పదవి రెండేళ్లకో మూడేళ్లకో వంతులవారీగా మారుతుంది. దానికి పదోన్నతి అన్న అర్థం లేదు. అయితే కొత్త అధిపతి వేరే విభాగానికి చెందినవారైతే మాత్రం ఆగి ఆలోచించాలి. సొంత విభాగంలో ఆ బాధ్యతకు తగిన రెగ్యులర్ అధ్యాపకుడు మిగల్లేదన్నమాట.

ఇక నియామక ప్రకటనల్లో అందరినీ తికమకపెట్టే అంశం రోస్టర్. రిజర్వేషన్ ఏ పోస్టుకు వర్తిస్తుందో నిర్ణయించే వరుస పట్టిక ఇది. మొత్తం యూనివర్సిటీని ఒక యూనిట్‌గా తీసుకుని లెక్కించాలా, ఒక్కో విభాగాన్ని విడిగా లెక్కించాలా అన్నది ఏళ్లపాటు నలిగిన గొడవ. విభాగమే యూనిట్ అని 2017లో అలహాబాద్ హైకోర్టు తీర్పు చెప్పింది. 2018 మార్చిలో యూజీసీ అలాగే ఉత్తర్వు ఇచ్చింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ హైకోర్టు తీర్పు మీద వచ్చిన అప్పీళ్లను కొట్టేసింది.

వినడానికి ఇది సాంకేతికమైన తేడాలా ఉంటుంది. విభాగమే యూనిట్ అన్న లెక్కను చిన్న మీడియా విభాగానికి పెట్టి చూడండి. ఒక ప్రొఫెసర్, ఇద్దరు అసోసియేట్లు, నలుగురు అసిస్టెంట్ ప్రొఫెసర్లు, మొత్తం ఏడు పోస్టులు అనుకుందాం. ఒక్కో హోదాకు లెక్క విడిగా వేస్తారు. ఆ పట్టికలో మొదటి మూడు స్థానాలు జనరల్, నాలుగోది ఓబీసీ, ఏడోది ఎస్సీ, పద్నాలుగోది ఎస్టీ. ప్రొఫెసర్ ఒక్కటే కాబట్టి జనరల్. అసోసియేట్లు ఇద్దరూ జనరల్. అసిస్టెంట్లలో నాలుగో పోస్టు ఓబీసీకి. ఏడు పోస్టుల్లో ఎస్సీకి ఒక్కటీ రాదు, ఎస్టీకి ఒక్కటీ రాదు. పెద్ద విభాగాల్లో లెక్క కొంత సరిపోయినా, మీడియా లాంటి చిన్న విభాగాల్లో రాజ్యాంగం ఇచ్చిన హక్కు పట్టికలోనే ఆవిరైపోయేది. దేశమంతా ఆందోళనలు జరిగాయి. 2019 మార్చిలో ఆర్డినెన్సు, జూలైలో చట్టం వచ్చి, కేంద్ర విద్యాసంస్థల్లో సంస్థ మొత్తాన్నీ ఒక యూనిట్‌గా తేల్చాయి. రాష్ట్ర యూనివర్సిటీలు తమ రాష్ట్ర ప్రభుత్వ రోస్టర్‌ను పాటిస్తాయి. రేపటి న్యూస్‌రూముల్లో కూర్చోబోయే వాళ్లకు పాఠాలు చెప్పేది ఎవరు అన్న ప్రశ్నకు, కమిటీ ఇంటర్వ్యూ గది కంటే ముందు ఈ పట్టికే సగం జవాబు రాస్తుంది. కాబట్టి నోటిఫికేషన్ మీద కోర్టులో స్టే వచ్చిందన్న వార్త చూసినప్పుడు వెనక చాలాసార్లు ఈ లెక్కే ఉంటుందని గుర్తుంచుకోండి.

కొత్తగా వినపడుతున్న హోదా ఇంకొకటి ఉంది: ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్. 2022లో యూజీసీ తెచ్చింది. ఒక రంగంలో కనీసం 15 ఏళ్ల అనుభవం ఉంటే చాలు, పీహెచ్‌డీ, నెట్, వ్యాసాల షరతులు లేవు. మామూలుగా మూడేళ్లు, ప్రత్యేక పరిస్థితుల్లో ఇంకో ఏడాది. మంజూరైన పోస్టుల్లో పది శాతానికి మించకూడదు. బోధనా వృత్తిలో ఉన్నవారిని, దాని నుంచి రిటైరైన వారిని దీనికి తీసుకోకూడదు.

మీడియా విభాగాలకు ఇది కోరుకున్న వరమే. తెలుగు పత్రికారంగంలో మహామహులు చాలామంది డిగ్రీ పట్టాలతో వచ్చినవారు కారు. పాతికేళ్లు డెస్కు నడిపిన సబ్‌ఎడిటర్‌కు హెడ్డింగ్ ఎలా పెట్టాలో నేర్పే సత్తా ఉన్నా, యూనివర్సిటీ తలుపు దగ్గర పీజీ మార్కులు అడిగేవారు. ఈ లోటు కనిపెట్టే మన పత్రికలు సొంతంగా జర్నలిజం స్కూళ్లు పెట్టుకున్నాయి. ఈనాడు జర్నలిజం స్కూల్లో తర్ఫీదైనవాళ్లు తెలుగు మీడియా అంతటా కనిపిస్తారు. అయితే నాకు ఒక అనుమానం ఉంది. ఈ నియామకాలు మంజూరైన పోస్టులకు అదనం, వాటికి బదులు కావని మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఖాళీలు నింపకుండా, ఒక పేరున్న సంపాదకుడిని మూడేళ్లు కూర్చోబెట్టి ఫొటో వేయించుకుంటే విభాగం నడిచినట్టు కాదు. ఆయన నడిపే వర్క్‌షాపు బాగుంటుంది, సందేహం లేదు. పరిశోధక విద్యార్థుల పర్యవేక్షణకు మాత్రం రెగ్యులర్ అధ్యాపకులే కావాలి.

ఇంతదాకా అధ్యాపకుల గురించే చెప్పుకున్నాం. వార్తలూ వాళ్ల గురించే వస్తాయి. మీడియా విభాగంలో ఇంకో వర్గం ఉంది: స్టూడియో టెక్నీషియన్, కెమెరామన్, ఎడిటింగ్ ల్యాబ్ చూసేవారు, సౌండ్ రికార్డిస్టు, లైబ్రరీలో పాత పత్రికల ఫైళ్లు కాపాడేవారు. చరిత్ర విభాగంలో ల్యాబ్ లేకపోయినా పాఠం సాగుతుంది. ఇక్కడ టెక్నీషియన్ సెలవు పెడితే స్టూడియో తాళమే తీయరు. లక్షలు పోసి కొన్న కెమెరా బీరువాలో మగ్గుతూ, విద్యార్థి తన ఫోనుతో ప్రాజెక్టు పూర్తిచేసే దృశ్యం మన విభాగాల్లో కొత్తేమీ కాదు. కెమెరా కొనడానికి ఒకసారి గ్రాంటు వస్తే చాలు, మనిషికి మాత్రం ప్రతి నెలా జీతం ఇవ్వాలి. అందుకే ప్రారంభోత్సవాలు జరుగుతాయి, నియామకాలు జరగవు. ఉన్న పోస్టులు కూడా మెల్లగా అవుట్‌సోర్సింగ్‌కి మారిపోతున్నాయి. ఏడాదికో ఏజెన్సీ మారుతుంటే ఆ యంత్రాల మీద చేయి తిరిగిన మనిషి నిలవడు.

క్యాంపస్ రేడియో చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. దేశంలో తొలి క్యాంపస్ కమ్యూనిటీ రేడియో 2004లో చెన్నైలోని అన్నా యూనివర్సిటీలో మొదలైంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి 90.4 మీద 'బోల్ హైదరాబాద్' ఉంది. సంగారెడ్డి జిల్లా మాచ్‌నూరులో దళిత మహిళలు 2008 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు. స్వచ్ఛంద సంస్థకు లైసెన్సు దక్కిన తొలి కమ్యూనిటీ రేడియోల్లో అది ముందువరుసలోది. రేడియో రోజూ మాట్లాడాలి. విద్యార్థులు రెండేళ్లకు వెళ్లిపోతారు, సెలవులకు ఊళ్లకు పోతారు. రోజూ పొద్దున్నే వచ్చి మీట వేసేవాళ్లు, ట్రాన్స్‌మిటర్ మొరాయిస్తే చూసేవాళ్లు ఉండాలి. అలాంటి వ్యక్తి రిటైరవడం ప్రొఫెసర్ రిటైరవడం కన్నా చిన్న వార్తేమీ కాదు. పేపర్లో మాత్రం రాదు.

అవార్డులు, ఫెలోషిప్‌లు, అంతర్జాతీయ సదస్సుల్లో పత్రసమర్పణల వార్తలకు ఎంత విలువ ఇవ్వాలో చదివేవారి ఇష్టం. ఎవరు ఇచ్చారు, దేనికి ఇచ్చారు అన్న రెండు ముక్కలు వార్తలో లేకపోతే పెద్దగా పట్టించుకోనక్కర్లేదని మాత్రం చెప్పగలను.

మీ ఇంట్లో ఎవరైనా పీజీ ప్రవేశానికి సీపీగెట్ గానీ ఏపీ పీజీసెట్ గానీ సీయూఈటీ గానీ రాసి జర్నలిజంలో చేరబోతుంటే, ఫీజు కట్టే ముందు విభాగం గుమ్మం దాకా ఒకసారి వెళ్లి రండి. మంజూరైన పోస్టులు ఎన్ని, అందులో రెగ్యులర్‌గా పనిచేస్తున్నవారు ఎంతమంది, వచ్చే రెండేళ్లలో రిటైరయ్యేవారు ఎవరు అని అడగండి. స్టూడియో తలుపు తీసి చూపించమనండి, తాళం ఎవరి దగ్గరుందో గమనించండి. చెప్పడానికి ఆఫీసు మొహమాటపడితే, యూనివర్సిటీ న్యాక్‌కు ఏటా పంపే ఏక్యూఏఆర్ నివేదికలో, జాతీయ ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు ఇచ్చిన వివరాల్లో అధ్యాపకుల లెక్కలు ఉంటాయి. అక్కడా దొరక్కపోతే సమాచార హక్కు చట్టం ఉంది: ఒక దరఖాస్తు, పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు.